ఫారంలో "లేకపోతే" అనే మాట ఎందుకు లేదు?



పోస్ట్ పెద్దగనే ఉంటది. స్కాలర్‌షిప్ రెన్యువల్ ఉన్నోళ్లు, ఇంట్ల తమ్ముడో చెల్లెనో పదో తరగతి దాటబోతున్నోళ్లు ఓపిక చేసుకొని చివరి దాకా చదవండి.

ముందే మా మాట చెప్తున్నం. ఆన్‌లైన్ ఫారంలో ఎర్ర అక్షరాలతో వచ్చే "ఇన్‌వ్యాలిడ్" అనే మాట కంప్యూటర్ అనేది కాదు. ఎక్కడో ఒక మనిషి కూసుండి రాసిన నియమం అది. జీవోకు నంబర్ ఉంటది, తేదీ ఉంటది, కింద సంతకం ఉంటది. ఈ నియమానికి అవేవీ లేవు. కానీ జీవో ఇచ్చిన హక్కును ఇది గడప కాడనే ఆపేస్తది. ఆఫీసర్ మన దరఖాస్తు తిరస్కరిస్తే కారణం అడగొచ్చు, అప్పీల్ చేయొచ్చు. సబ్మిట్ బటన్ నొక్కనియ్యకపోతే మనం దరఖాస్తు పెట్టినట్టే ఎక్కడా లెక్కల్లో ఉండదు. తిరస్కరించిన జాబితాలో కూడా మన పేరు రాదు.

అసలు ఇది ఎట్ల పని చేస్తది? ఫారంలో ప్రతి గడికి వెనక కొన్ని రూల్స్ ఉంటయి. ఈ గడి ఖాళీగా వదలొద్దు. ఇందులో ఇన్ని అంకెలే ఉండాలె. ఇంతకు తక్కువ, అంతకు ఎక్కువ రాయొద్దు. ఈ అక్షరాలు తప్ప వేరేవి రావొద్దు. దీన్నే వ్యాలిడేషన్ అంటరు. ఇవి తయారుగా దొరికే రూల్స్, ఒక్క మాట రాస్తే పని ఐతది. ఇవి సరిపోకపోతే ఫారం చేసేటోళ్లు తమ సొంత రూల్ రాసుకోవచ్చు, తప్పు పడితే ఏ భాషలో ఏ మాట చూపించాలో కూడా వాళ్లే రాయొచ్చు. ఇది రెండో రకం. మూడో రకం షరతు మీద నడిచే రూల్. ఒక గడిలో ఇచ్చిన జవాబును బట్టి ఇంకో గడి అవసరమా కాదా అని తేలుతది. "తండ్రి లేరు" అని టిక్ పెడితే తండ్రి ఆదాయం గడి పోవాలె, సంరక్షకుల గడి రావాలె. ఇది బ్రహ్మవిద్య కాదు. బీకాం కంప్యూటర్స్ చదివే మా హాస్టల్ పిల్లలు ల్యాబ్‌లో ఒక పూటలో నేర్చుకునే పని.

మరి మనకెదురయ్యే ఫారాల్లో ఈ మూడో రకం ఎందుకు కనబడదు? సాఫ్ట్‌వేర్‌లో కుదరదు అనే జవాబు మేము ఒప్పుకోం. స్కాలర్‌షిప్ ఆదాయ పరిమితి చూడండి. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీలకు వేరే పరిమితి ఉంటది. బీసీలకు పల్లెలో 1.5 లక్షలు, పట్నంలో 2 లక్షలు. కులాన్ని బట్టి, ఊరిని బట్టి పరిమితి మారుతది. ఈ తేడా పట్టుకోవాలంటే ఏ ఫారంలోనైనా షరతు రాయాల్సిందే. అంటే మనల్ని ఆపడానికి "ఐతే" అని రాయడం వస్తది. మనల్ని లోపలికి రానియ్యడానికి "లేకపోతే" అని రాయడం మాత్రం రాదు.

చట్టానికి మాత్రం ఆ మాట తెలుసు. 2016 ఆధార్ చట్టం సెక్షన్ 7 చూడండి. పథకాలకు ఆధార్ అడగొచ్చు అని చెప్పిన సెక్షనే, ఆధార్ నంబర్ రాని మనిషికి గుర్తింపు కోసం వేరే దారి చూపాలె అని కూడా చెప్పింది. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది, కానీ ఆధార్ లేదని ఏ పిల్లకీ పిల్లగాడికీ లబ్ధి ఆపొద్దని అదే తీర్పులో చెప్పింది. చట్టంలో షరతు ఉంది, తీర్పులో షరతు ఉంది. ఫారం కాడికి వచ్చేసరికి 12 అంకెల గడి, పక్కన ఒక ఎర్ర నక్షత్రం, గంతే. పార్లమెంట్ రాసిన "లేకపోతే"ను కోడ్ రాసినోళ్లు కొట్టేసినట్టే కదా? వాళ్లకు ఆ అధికారం ఎవరిచ్చిండ్రు?

ఇప్పుడు మనోళ్లకు ఎక్కడెక్కడ తగులుతదో ఒక్కొక్కటి చెప్తం. ఏ ఆఫీసు పేరూ రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక్క ఫారం రోగం కాదు.

పేరు. పదో తరగతి మెమోలో "రాథోడ్" ముందుంటది, ఆధార్‌లో వెనకుంటది. ఒకదాంట్ల ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్ల ఒక్క అక్షరం, పక్కన చుక్క. మనిషి చూస్తే ఒక్కరే అని తెలుస్తది. అక్షరానికి అక్షరం కలవాలనే రూల్‌కు మాత్రం ఇద్దరు మనుషులు. కొన్ని గడులు ఆ చుక్కను కూడా రానియ్యవు.

తెలుగు పేరు. "అక్షరాలు మాత్రమే" అని రూల్ రాసేటోళ్లలో చాలామందికి మనసులో ఉండేది ఇంగ్లీష్ 26 అక్షరాలే. కొందరు అన్ని భాషల అక్షరాలు రానిస్తరు, కానీ యూనికోడ్‌లో మన గుణింతాలు, పొల్లు "అక్షరాలు" అనే గుంపులో లేవు, "గుర్తులు" అనే వేరే గుంపులో ఉన్నయి. ఆ గుంపును కలపడం మర్చిపోతే "రాథోడ్" అనే పేరులో దీర్ఘం కాడనే తప్పు పడతది. మన పేరు మన భాషలో రాస్తే చెల్లదన్నమాట.

ఇంటి నంబర్. మన దగ్గర ఇంటి నంబర్ అంటేనే మధ్యల అడ్డగీత, గీటు ఉంటయి. అంకెలు తప్ప ఇంకేం రాయొద్దనే రూల్ పెట్టినోళ్లు ఒక్క ఊరి ఇంటి గోడ మీద నంబర్ చూసినట్టు లేరు.

ఊరు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు మారినయి, నిజామాబాద్ నుంచి కామారెడ్డి వేరైంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు గ్రామ పంచాయతీలైనయి. మా తండాలో మా రాజ్యం అని మనం ఎంత సంబరపడ్డమో అందరికీ తెలుసు. కానీ డ్రాప్‌డౌన్‌లో పాత ఊరే ఉంటే తండా పేరు ఎక్కడ రాయాలె? పాత ఊరు ఎంచుకుంటే సర్టిఫికెట్‌తో కలవదు, ఎంచుకోకపోతే ఫారం ముందుకు పోదు. "ఇతర" అని ఒక్క మాట పెట్టి, అది నొక్కితే రాసుకునే గడి తెరిస్తే సరిపోయేది.

ఆదాయం. వరి నాట్లు, పసుపు తవ్వకం, చెరుకు కోత, బీడీలు. ఇవి మా ఇండ్లల్ల పనులు. బోధన్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడ్డంక చెరుకు మీద బతికే కూలోళ్ల సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ ఎరుకే. ఒక నెల చేతినిండ పని, రెండు నెలలు ఖాళీ. "నెల ఆదాయం" అనే గడిలో ఏం రాయాలె? సున్నా రాస్తే ఒప్పుకోదు.

ఈమెయిల్. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. ఇంట్ల ఎవ్వరికీ ఈమెయిల్ ఉండదు, గడి ఖాళీగా వదలనియ్యదు. నెట్ సెంటర్ అన్న తనదే కొట్టి పని కానిస్తడు. ఆయన తప్పేం లేదు, వెనక ఇంకో ఇరవై మంది లైన్‌ల ఉంటరు. వచ్చే ఏడాది పాస్‌వర్డ్ మర్చిపోతే లింక్ ఆయన మెయిల్‌కు పోతది. ఆ షాపు ఎత్తేస్తే మన చదువు తాళం చెవి కూడా దాంతోపాటే పోయినట్టు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. చెడ్డ రూల్ నిజాన్ని ఆపుతది, అబద్ధాన్ని రానిస్తది. తండ్రి చనిపోయిన పిల్ల నిజం రాస్తే ఫారం పోదు. ఆదాయం గడిలో 1 అని కొడితే పోతది. ఫోన్ లేనోళ్లు నిజం చెప్తే పోదు, తొమ్మిది అంకె పదిసార్లు కొడితే పోతది. తర్వాత వెరిఫికేషన్‌లో అదే చూపించి "తప్పుడు సమాచారం ఇచ్చిండ్రు" అంటరు. అబద్ధం రాయించింది ఫారం, నింద పడేది మన మీద.

"రూల్స్ తీసేస్తే దొంగ దరఖాస్తులు వస్తయి" అని కొందరంటరు. మేము రూల్స్ తీసేయమనట్లేదు. సరైనవి రాయమంటున్నం, అవసరమైతే ఇంకా ఎక్కువ రాయమంటున్నం. ఆధార్ నంబర్‌లో చివరి అంకె ముందున్న 11 అంకెల నుంచి లెక్కగట్టి వచ్చేది. ఒక్క అంకె తప్పు కొట్టినా ఆ లెక్కతో అక్కడికక్కడే పట్టుకోవచ్చు. బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. ఇట్లాంటివి తప్పకుండా చూడాలె, మన డబ్బులు వేరే ఖాతాకు పోకుండా కాపాడేది అదే. కానీ దొంగ దరఖాస్తు పెట్టేటోడికి గడులు ఎట్ల నింపాలో మనకంటే బాగా తెలుసు. ఇంటి నంబర్‌లో అడ్డగీతను ఆపితే ఏ దొంగా దొరకడు. దొంగ దొరికేది కాగితాలు చూసే మనిషి కాడ.

"మీకు నింపుడే రాదు" అనేటోళ్లకు ఒక్కటే చెప్తున్నం. ఇంట్ల మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్లం. మాకు ముందు నింపి చూపించినోళ్లు లేరు, నిజమే. అందుకే ఫారం ఎక్కువ సాయం చేయాలె. "ఇన్‌వ్యాలిడ్ డేటా" అంటే ఏం అర్థమైతది? "ఇంటి పేరులో చుక్క తీసేయండి" అని తెలుగులో చెప్పొచ్చు కదా. తప్పు ఎక్కడుందో, ఎట్ల దిద్దుకోవాలో మాటల్లో చెప్పాలని వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ మార్గదర్శకాల్లోనే ఉంది.

కాగితం రోజులే మంచివి అని మేము అనం. ఆ రోజుల్ల బల్ల కాడ ఎన్నిసార్లు తిప్పిండ్రో మన పెద్దోళ్లను అడగండి. కానీ కాగితానికి పక్కన కొంత ఖాళీ ఉండేది. "తండ్రి లేడు, తాత సాకుతున్నడు" అని అక్కడ రాసే వీలుండేది. 2011లో మీసేవ వచ్చింది, 2016 నుంచి డిగ్రీ సీట్లు దోస్త్‌లోకి వచ్చినయి. తిరుగుడు తగ్గింది, మంచిదే. ఆ పక్కనున్న ఖాళీ కూడా పోయింది. షరతు రూల్ అంటే ఆ ఖాళీని మళ్లీ ఇవ్వడమే.

మన డిమాండ్లు ఇవి:

1. తప్పనిసరి అన్న ప్రతి గడికి ఏ జీవో, ఏ చట్టం ప్రకారమో పక్కనే చూపాలె. ఆధారం లేని గడికి ఎర్ర నక్షత్రం పెట్టొద్దు.
2. చట్టంలో మినహాయింపు ఉంటే ఫారంలో కూడా ఉండాలె. ఆధార్ లేకపోతే, తండ్రి లేకపోతే, తండా పేరు జాబితాలో లేకపోతే ఏం చేయాలో దారి తెరవాలె.
3. పేరు కలవకపోతే ఆపొద్దు. హెచ్చరించి, దరఖాస్తు తీసుకొని, మనిషికి పంపాలె. కాదు అనాలంటే ఆ మనిషి కారణం రాసి సంతకం పెట్టాలె.
4. తప్పు ఏమిటో, ఎట్ల దిద్దాలో తెలుగులో చెప్పాలె.
5. ఫారం తెరిచే ముందు ఒక హాస్టల్‌లో, ఒక తండాలో పిల్లలతో నింపించి చూడాలె.

మనం చేయాల్సింది కూడా ఉంది. ఫారం ఆగితే ఊరికే తిట్టుకొని వదిలేయొద్దు. ఏ గడి, ఏం రాసినం, ఏ మాట వచ్చింది, తేదీ, టైం అన్నీ కనబడేటట్టు ఫొటో తీయండి. ఆఫీస్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రూల్‌కు ఆధారమేందో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె. అబద్ధం నింపి పంపమని ఎవరు చెప్పినా, ముందు ఆ ఫొటో మాత్రం దాచుకోండి.

కంప్యూటర్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఒక మాట. ఉద్యోగం కోసమే కాదు, దీనికోసం కూడా నేర్చుకోండి. రేపు ఈ రూల్స్ రాసే కుర్చీలో మనోళ్లు కూసోవాలె. మన విద్యార్థి సంఘం ఏ ఫారం చేసినా అమ్మ ఒక్కతే సాకిన పిల్ల, ఫోన్ లేని పిల్లగాడు, పేరు రెండు తీర్ల ఉన్నోడు అబద్ధం రాయకుండా చివరి దాకా పోగలగాలె. అది మన చేతిల ఉన్న పని, దానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

2022 సెప్టెంబర్ 30న జీవో 33తో మన రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతం ఐంది. దానికోసం ఎంతమంది ఎన్నేండ్లు రోడ్డెక్కిండ్రో మనకు తెలుసు. పోరాడి తెచ్చుకున్న సీటును ఒక అడ్డగీత కోసం, ఒక చుక్క కోసం వదులుకుందామా?

మీ దగ్గర ఏ గడి కాడ ఆగిందో కింద రాయండి. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు మాత్రం రాయకండి. అన్నీ కలిపి ఒక్క వినతిపత్రం చేసి జిల్లా గిరిజన సంక్షేమ అధికారికి ఇద్దాం.

— నందిపేట్ హాస్టల్ విద్యార్థులం