చెట్టు కింద రాజీలు ఆపండి

ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు తీరాన పంచాయితీలు చేసే పెద్దలకూ, యానాది కాలనీల్లోని అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ మనవి.

అడ్వాన్సు తీరలేదని రొయ్యల గుంట కాపలాదారును కదలనీయకపోవడం, శవాన్ని శ్మశానానికి పోనీయకపోవడం, చెరువులో దిగారని కులం పేరెత్తి తిట్టడం: వీటిని మనం ‘గొడవ’ అంటున్నాం. చెట్టు కింద కూర్చోబెట్టి, నాలుగు నోట్లు చేతిలో పెట్టి, సరేననిపిస్తున్నాం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఇవి నేరాలు. వెట్టి, శ్మశానం, ఉమ్మడి నీళ్ళు, అన్నీ అందులో పేరుపేరునా ఉన్నాయి. నేరాన్ని మాఫీ చేసే అధికారం ఏ పెద్దమనిషికీ లేదు.

ఈ చట్టాన్ని నిలబెట్టుకోవడానికీ పోరాడాల్సి వచ్చింది. అరెస్టుకు ముందు పైఅధికారి అనుమతి ఉండాలని 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అంది. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది, ఉత్తరాదిన ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చింది: ఎఫ్ఐఆర్‌కు ముందు విచారణ అక్కర్లేదు, అరెస్టుకు అనుమతీ అక్కర్లేదు. 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టే దాన్ని సమర్థించింది. కనుక స్టేషన్లో ఎవరైనా “ముందు విచారించి చూస్తాం” అంటే ఈ సెక్షన్ పేరు చెప్పండి.

దొంగ కేసులు పెడతారంటారా? అబద్ధమైతే దర్యాప్తులో తేలుతుంది. కేసే కట్టకపోతే నిజమెట్లా తేలేది?

యానాదులను ఒకప్పుడు తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద నేరస్థ జాతి అంది. మన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య వాళ్ళ కోసమే జీవితం ధారపోశారు. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. అయినా స్టేషనంటే ఇప్పటికీ కాలనీలో కాళ్ళు వణుకుతాయి. ఆ వణుకు ఎక్కడిదో పెద్దలు తెలుసుకోవాలి.

కాలనీవాళ్ళారా, కుల ధ్రువీకరణ పత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోండి. కేసు నమోదైతే నిబంధనల ప్రకారం ప్రభుత్వ సాయం విడతలవారీగా రావాలి. మూణ్ణెల్లకోసారి కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ కూర్చోవాలి. మన మండలం కేసుల సంగతి అక్కడ అడిగించండి.

పెద్దలారా, ఈసారి పంచాయితీకి పిలుపొస్తే చాప పరవకండి. బాధపడ్డవాళ్ళ వెంట స్టేషను దాకా నడవండి. చూసినవాళ్ళయితే సాక్షి సంతకమూ పెట్టండి.