మొదటి తప్పు ఎవరి ఒంటి మీద?

మాది బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్. రైల్వే పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. మా ఇంట్లో నర్సింగ్ చదువుతున్న మొదటి మనిషి మా చెల్లి. విద్యాశాస్త్రంలో పరిశోధన చేస్తున్న నన్ను ఆమె ఫార్మకాలజీ చదువు ఒక ప్రశ్న దగ్గర నిలబెట్టింది: నేర్చుకునేటప్పుడు నర్సు చేసే మొదటి తప్పు ఎవరి ఒంటి మీద పడుతుంది?

ఒక లెక్క చూడండి. మన దేశంలో ఇన్సులిన్ వయల్స్ రెండు బలాల్లో దొరుకుతాయి. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఒకటి, 100 యూనిట్లు ఇంకొకటి. దేని సిరంజి దానిదే. డాక్టరు 12 యూనిట్లు రాశారనుకుందాం. 100 బలం మందును 40 సిరంజిలో 12 గీత దాకా తీస్తే రోగికి వెళ్లేది 30 యూనిట్లు. షుగర్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

పుస్తకంలో ఈ లెక్క చెల్లికి వచ్చు. పక్క మంచం రోగి పిలుస్తుంటే, సీనియర్ సిస్టర్ తొందరపెడుతుంటే కూడా వస్తుందా? అది తేల్చేది సిమ్యులేషన్. మంచం మీద బొమ్మ, కేస్ షీటు, రెండు రకాల వయల్స్, రెండు సిరంజిలు. తప్పు జరిగినా ఎవరికీ హాని లేదు. తర్వాత అందరూ కూర్చుని ఎక్కడ, ఎందుకు తప్పామో మాట్లాడుకుంటారు. అసలు పాఠం అక్కడే ఉంది.

ఆ అవకాశం లేకపోతే నేర్చుకునేది సర్కారు ఆసుపత్రి జనరల్ వార్డులో. అక్కడ పడుకునేది మన బస్తీవాళ్లే. అందుకే ఇది మనకు టెక్నాలజీ ముచ్చట కాదు, న్యాయం సంగతి.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన బీఎస్సీ సిలబస్‌లో సిమ్యులేషన్ ఉంది. చెల్లి కాలేజీలో మాత్రం బొమ్మల గది తాళం తనిఖీ రోజే తెరుచుకుంటుంది. ఖరీదైన సామాను పాడవుతుందట! ఖాళీ వయల్‌లో నీళ్లు పోసి, లేబుల్ అంటించి, స్పాంజి ముక్కకు సూది గుచ్చినా ఈ పాఠం చెప్పొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఇంగ్లీషు తడబడే పిల్లనో, రిజర్వేషన్‌లో వచ్చిన పిల్లనో అందరి ముందు నిలబెట్టి అవమానించే చోటుగా ఆ చర్చ మారకూడదు. అవమానపడ్డ విద్యార్థి తప్పు దాచడం నేర్చుకుంటుంది. వార్డులో దాచిన తప్పుకు బలయ్యేది రోగి.

ప్రతి సెమిస్టరులో ఎన్ని గంటల సిమ్యులేషన్ జరిగిందో కాలేజీలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. పెట్టకపోతే విద్యార్థులుగా మనమే అడగాలి. ముందు ఆ గది తాళం చెవి అడుగుదాం.