త్రాగుడు మానుమనుట చాలదు

షోలాపూరు దుప్పట్ల పేరు దేశమంతట వినబడుటకు కారకులైన వారిలో మన తెలుగు నేతపనివారు ముఖ్యులు. వారి బ్రతుకులోని ఒక దుఃఖమును గూర్చి మనము బహిరంగముగ మాటాడుట లేదు. రాత్రి పాళీ ముగించి వచ్చిన కార్మికునకు పగలు నిద్ర పట్టదు. నిద్రకొరకు మొదలిడిన త్రాగుడు క్రమముగ వ్యసనమగును. చేయి వణకును, నూలు తెగును, పని పోవును. ఆ శిక్షను ఆలుబిడ్డలును అనుభవింతురు.

అట్టివానిని నిందించుట, ఒట్టు వేయించుట మన యిండ్లలో వాడుక. కాని యేండ్ల తరబడి మితిమీరి త్రాగినవాడు హఠాత్తుగ మానినచో మూర్ఛలు, మతిభ్రమ, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. కావున వానికి వలసినది వైద్యుని పర్యవేక్షణము. మనోవ్యాకులతయు నిట్టిదే, ధైర్యము చెప్పినంత మాత్రమున తీరునది కాదు.

ఇది యింటి గొడవ, కార్ఖానాకేమి సంబంధమని యజమానులడుగుదురు. మగ్గములో చేయి నలిగినచో చికిత్స తమ బాధ్యతయని వారంగీకరింతురు గదా! నిద్రలేమి, పని పోవునను భయము మనస్సును నలిపినప్పుడు ఆ బాధ్యత యేల తొలగవలెను? మనోవ్యాధులకు దేహవ్యాధులతో సమానముగ బీమా కల్పింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము శాసించినది. కుంగుబాటు, ఆందోళనల వలన ప్రపంచమున ఏటేట 1,200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నేర్పరిని వెళ్ళగొట్టి క్రొత్తవానికి పని నేర్పుట యజమానికిని లాభము కాదు.

మనము కోరవలసినవి మూడు. చెప్పుకొన్న మాట గోప్యముగ నుండవలెను. చికిత్సకు సెలవిచ్చి, తిరిగి వచ్చువరకు పని నిలిపియుంచవలెను. సలహాదారు తెలుగెరిగినవాడై యుండవలెను. మన కార్మికుడు మరాఠీలో కూలి బేరమాడగలడు. కడుపులోని బాధను మాత్రము తల్లిభాషలోనే చెప్పుకొనగలడు. చిన్న శాలలు కొన్ని కలిసి యొక సలహాదారును నియమించుకొనవచ్చును. ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి మానస్ సహాయము 14416 సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగ లభించును. ఆ సంఖ్యను ప్రతి శాలగోడపై తెలుగున వ్రాయించుటకు పెద్ద వ్యయము కాదు.

ఉగాదికి చందాలు పోగుచేయు మన సంఘములు ఈ విన్నపమును కూడ యజమానుల యెదుట పెట్టవలెను. మనవాడు పడిపోయిన పిదప సానుభూతి తీర్మానము చేయుటకంటె, పడకమునుపు చేయి పట్టుకొనుట మేలు.