జంషెడ్‌పూర్ ఉక్కుపై రెండు పెన్నీల భారం

రూపాయి పెరిగితే సంతోషించడం, పడితే దిగులుపడడం మనకు అలవాటు. జంషెడ్‌పూర్ చరిత్ర తెలిస్తే ఆ సంతోషం అంత తేలిగ్గా రాదు. 1920లలో ఆ ఊరి ఉక్కు కర్మాగారాన్ని మూతపడే అంచుకు నెట్టిన కారణాల్లో రూపాయి బలపడటం కూడా ఒకటి.

వెండి ధర పతనంతో రూపాయి జారిపోతుంటే 1893లో ప్రభుత్వం టంకశాలల్లో ప్రజల వెండిని నాణేలుగా మార్చే పద్ధతిని ఆపేసింది. 1899 నాటికి రూపాయి 1 షిల్లింగు 4 పెన్నీల దగ్గర, అంటే పౌనుకు 15 రూపాయల దగ్గర నిలదొక్కుకుంది. ఆ రేటు నిలకడగా ఉన్న రోజుల్లోనే, 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ పుట్టింది. లండన్ పెట్టుబడిదారులు ముఖం చాటేస్తే బొంబాయిలో వాటాలు అమ్మారు. మూడు వారాల్లో సుమారు 8,000 మంది భారతీయులు 16.3 లక్షల పౌన్లకు సమానమైన డబ్బు సమకూర్చారు. 1912లో సాక్చిలో తొలి ఉక్కు దిమ్మ తయారైంది. 1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయింది.

మొదటి ప్రపంచ యుద్ధం ఆ నిలకడను చెడగొట్టింది. 1920లో రూపాయిని 2 షిల్లింగుల దగ్గర నిలబెట్టాలని ప్రభుత్వం చేసిన ప్రయత్నం నెలల్లోనే బెడిసికొట్టింది. పాత రేటు కంటే కిందికి పడిన రూపాయి మళ్ళీ మెల్లగా ఎగబాకి 1924 చివరికి 1 షిల్లింగు 6 పెన్నీలకు చేరింది. సరిగ్గా అప్పుడే ఐరోపా ఉక్కు చవగ్గా మన రేవుల్లో దిగుతోంది. ఆ ఏడాదే జీతాలకు కూడా డబ్బు చాలక కంపెనీ చైర్మన్ దొరాబ్జీ టాటా, జూబిలీ వజ్రంతో సహా తన సొంత నగలు ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చారు. జూన్‌లో ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం వచ్చి దిగుమతులపై సుంకం పడింది.

ఇక్కడొక లెక్క వేసి చూడాలి. విదేశీ ఉక్కు టన్ను 8 పౌన్లనుకుందాం. పాత రేటు ప్రకారం రేవులో దాని ధర 120 రూపాయలు. కొత్త రేటులో 106 రూపాయల 10 అణాల 8 పైలు. విదేశీ కంపెనీ తన ధర ఒక్క పెన్నీ తగ్గించకుండానే దాని ఉక్కు టన్నుకు 13 రూపాయలకు పైగా చవకైంది. దానిపై 40 రూపాయల సుంకం ఉందనుకుంటే అందులో మూడో వంతును మారకపు రేటే మింగేసింది. శాసనసభ ఒక చేత్తో ఇచ్చిన రక్షణను ఖజానా శాఖ రెండో చేత్తో లాగేసుకుంది. రక్షణ సుంకాలను పరిశీలించే టారిఫ్ బోర్డు మళ్ళీ విచారణ జరిపి, విదేశీ ధరల పతనంతో పాటు రూపాయి పెరుగుదలనూ కారణంగా చూపింది. దాంతో 1925 జనవరిలో 50 లక్షల రూపాయల దాకా బౌంటీకి, అంటే ఉత్పత్తిపై ఇచ్చే నగదు సాయానికి, శాసనసభ ఒప్పుకుంది. రేటు చేసిన నష్టంలో కొంత పన్ను కట్టే ప్రజల డబ్బుతో పూడ్చారన్నమాట.

అయినా 1926లో రూపాయి రేటును పరిశీలించిన హిల్టన్ యంగ్ కమిషన్ 1 షిల్లింగు 6 పెన్నీలనే ఖాయం చెయ్యమంది. కమిషన్ సభ్యుడు పురుషోత్తమ్‌దాస్ ఠాకూర్‌దాస్ 1 షిల్లింగు 4 పెన్నీల రేటే ఉండాలని అసమ్మతి పత్రం రాశారు. ధరలు, కూలి రేట్లు ఇప్పటికే కొత్త రేటుకు సర్దుకున్నాయని ప్రభుత్వం వాదించింది. ఏటా లండన్‌కు పౌన్లలో కట్టాల్సిన ఖర్చులు రూపాయల్లో తగ్గుతాయన్నది ప్రభుత్వానికి ఉన్న అసలు సౌకర్యం. 1927లో చట్టం అయింది. ఆ రెండు పెన్నీల దెబ్బ సాక్చి కొలిమికే కాదు, విదేశాలకు వెళ్ళే వేరుశనగ పండించే మన రాయలసీమ రైతుకూ తగిలింది. పౌన్లలో అదే ధర పలికినా చేతికి వచ్చే రూపాయలు తగ్గాయి. ఠాకూర్‌దాస్ మాటే సరైనదని నా నమ్మకం.

1928లో జంషెడ్‌పూర్‌లో పెద్ద సమ్మె జరిగింది. ఖర్చులు తగ్గించాలన్న ఒత్తిడితో కంపెనీ మనుషుల్ని తగ్గించబోయింది. ఆ గొడవకు రేటు ఒక్కటే కారణమనలేం. కానీ విదేశీ ధరతో పోటీపడలేనప్పుడు కోత మొదట పడేది కూలీల మీదే. సుభాష్ చంద్ర బోస్ వచ్చి కార్మిక సంఘానికి నాయకత్వం వహించి ఒప్పందం కుదిర్చారు.

స్వాతంత్ర్యం తరువాత లెక్క తిరగబడింది. 1949లో పౌనుతో పాటు రూపాయి విలువనూ తగ్గించడంతో డాలరు 3.31 నుంచి 4.76 రూపాయలైంది. ఆ రేటు నడుస్తుండగానే 1956లో విస్తరణ కోసం కంపెనీ ప్రపంచ బ్యాంకు దగ్గర 7.5 కోట్ల డాలర్ల అప్పు తీసుకుంది. 1966 జూన్ 6న ప్రభుత్వం డాలరును 7.50 రూపాయలు చేసింది. అప్పటికి తీరకుండా మిగిలిన ప్రతి డాలరుకూ 2.74 రూపాయలు అదనంగా కట్టాల్సి వచ్చింది. విదేశీ ఉక్కు ప్రియమైందన్న లాభం ఒక వైపు, అప్పు పెరిగిందన్న నష్టం మరో వైపు. రూపాయి పడితే ఉక్కు కంపెనీలకు పండగేనని అనేవాళ్ళు ఈ రెండో వైపు చూడరు. 1991 జూలైలో జరిగిన తగ్గింపులోనూ, 2022లో డాలరు 80 రూపాయలు దాటినప్పుడూ ఇదే పరిస్థితి. ఎందుకంటే జంషెడ్‌పూర్ కొలుముల్లో వాడే కోకింగ్ బొగ్గులో ఝరియా, పశ్చిమ బొకారో గనులు ఇచ్చేది పోను మిగతాది డాలర్లు పోసి తెచ్చుకోవాల్సిందే.

2025 ఏప్రిల్‌లో కేంద్రం కొన్ని రకాల ఉక్కు దిగుమతులపై 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం వేసింది. 1920లలో 1 షిల్లింగు 4 పెన్నీల నుంచి రూపాయి పెరిగింది 12.5 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, సుంకం ఎంత అన్నదొక్కటే తేల్చి మారకపు రేటును వదిలేయడం ఎంత పొరపాటో తెలుస్తుంది. రూపాయి పడితే అదే సుంకం అవసరానికి మించిన భారమై జంషెడ్‌పూర్ పక్కనున్న ఆదిత్యపూర్‌లో ఉక్కు కొని విడిభాగాలు చేసే చిన్న కర్మాగారం నెత్తిన పడుతుంది. పెరిగితే సుంకం ఉన్నా లేనట్టే. సుంకం ప్రకటించేటప్పుడు ఏ రేటును బట్టి లెక్క కట్టారో, ఆ రేటు ఎంత మారితే సుంకాన్ని మళ్ళీ సమీక్షిస్తారో ఆ ఉత్తర్వులోనే రాయాలి. కేంద్ర ప్రభుత్వం ఈ పని వెంటనే చెయ్యాలి.