గోడదీపము

క్రొత్త యిల్లు కట్టుకొను సోదరీమణులలో పెక్కుమందికి 1950, 1960 ప్రాంతముల ఐరోపా మాదిరి గోడదీపములపై మక్కువ గలదు. ఆ మక్కువ మెచ్చదగినదే. లతలు, పూలు, గాజు జాలరులు విడిచి, వంచిన రేకును సన్నని కమ్మిని మాత్రమే మిగిల్చిన ఆ దీపములు నేటికిని కంటికి పాతబడలేదు. అయితే అంగడిలో దీపమును చూచి మురియుట వేరు, దాని వెలుగులో కూర్చుండుట వేరు.

ఆ శిల్పులు ముందు యోచించినది వెలుగును గూర్చియే. డెన్మార్కు దేశీయుడు పౌల్ హెన్నింగ్సెన్ 1920 దశకముననే బల్బు నేరుగా కంటబడకుండునట్లు మూడు తొడుగుల దీపమును కల్పించెను. మాకు మిక్కిలి నచ్చినది ఫ్రెంచి వనిత షార్లట్ పెరియాన్ (1903-1999) 1960 దశకమున కల్పించిన గోడదీపము. గోడకంటిన యొక చిన్న పలక, దానిముందు వంచిన రేకు తలుపు, అంతే. తలుపును త్రిప్పినకొలది వెలుగు దిక్కు మారును. ఆల్ప్స్ పర్వతములలోని లేజార్క్ విడిదియిండ్లలో వీనిని అమర్చిరి.

ఇంటిల్లిపాదియు నిద్రించినగాని పుస్తకము పట్టుటకు తీరిక చిక్కని స్త్రీలు మనలో ఎందరు లేరు! గది నడుమ దీపము వేసినచో పసిబిడ్డ లేచును, ప్రక్కగదినుండి అత్తగారు “ఇంకను పడుకొనలేదా?” యందురు. వెలుగును తన యొడిలోనికి మాత్రమే త్రిప్పుకొన వీలగు దీపము ఆ గంటను ఆమెకు దక్కించును. నలుదెసల వెలుగు చిమ్ము గాజుగోళము వసారాకు తగును గాని పడకగదికి వలదు.

కొనుటకు ముందు దీపమును వెలిగించి, దానిక్రింద కూర్చుండి చూడుడు. నిలుచున్నప్పుడు కనబడని బల్బు కూర్చున్నప్పుడు కన్నులలో గ్రుచ్చుకొనవచ్చును. చదువుటకు 450 ల్యూమెనుల ఎల్.ఇ.డి. బల్బు చాలును, అది పాత 40 వాట్ల బల్బునకు ఇంచుమించు సమానము. పెట్టెపై 2700 కెల్విన్ అని యున్నచో పసిమి వెలుగని తెలిసికొనుడు. తొలినాటి బల్బుల వేడికి రేకు తొడుగులు చేయి కాల్చెడివి; ఆ బాధ ఇప్పుడు చాలవరకు తీరినది. లోహపు దీపమునకు ఎర్తు తీగ తప్పక కలిపింపుడు. పైకి నోరు తెరచిన తొడుగులలో తొలకరినాడు ఉసిళ్లు రాలి నిండును. తుడుచుట మన పనియే కదా.

పేరుమోసిన అసలు దీపముల వెల వినిన గుండె ఝల్లుమనును. త్రిప్పుటకు వీలై, బల్బును మరుగుపరచు దీపమేదైనను మాకు సమ్మతమే.

గోడకు సున్నము వేయకముందే మంచముండు చోటు నిశ్చయించి తీగకు గుర్తు పెట్టింపుడు. మీట పడుకొన్నచోటి నుండియే చేతికి అందవలెను. చదివిన పిమ్మట లేచి నడువవలసి వచ్చినచో సగము నిద్ర పోవును.