సేద్యంలో బాధ్యత ఎవరిది?

రోమన్ మహాకవి వర్జిల్ క్రీ.పూ. 29 ప్రాంతంలో పూర్తిచేసిన ‘జార్జిక్స్’ కావ్యానికి వస్తువు యుద్ధం కాదు, వ్యవసాయం. పైరులు, తోటలు, పశువులు, తేనెటీగలు అందులోని నాలుగు భాగాలు. దేవుడే సేద్యాన్ని కష్టతరం చేశాడనీ, ఆ కష్టమే మానవుని బుద్ధికి పదును పెట్టిందనీ ఆయన భావం. కలుపు తీయనివాడు, పిట్టలను తోలనివాడు పొరుగువాని ధాన్యరాశిని చూస్తూ పస్తుండవలసిందే!

బోరునీటిని నమ్ముకొని మొక్కజొన్న, పామాయిల్ పండించే మన కామవరపుకోట మెట్ట రైతుకు ఈ మాట కొత్త కాదు. అయితే రోమన్ భూస్వాముల పొలాల్లో చెమటోడ్చిన బానిసల ఊసు ఆ కావ్యంలో దాదాపు లేదు. తేనెటీగను అంత సూక్ష్మంగా చూసిన కంటికి మనిషి ఆనలేదంటే, అది స్వల్పలోపమని నేననుకోను. తెలుగులో దువ్వూరి రామిరెడ్డి ‘కృషీవలుడు’ రైతును కావ్యనాయకుని చేసింది. 1941లో జాషువ ‘గబ్బిలం’ అంతకంటె దిగువనున్నవాని ఆకలిని వినిపించింది.

శ్రమించే బాధ్యత సాగుదారునిదైతే, ఫలం పొందే భూయజమానికి ఏ బాధ్యతా లేదా? 2019లో మన రాష్ట్రంలో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలురైతుకు కార్డు ఇవ్వజూపింది. కాని దానికి యజమాని ఒప్పందపత్రం కావాలన్నది. ఆ ఒక్క సంతకానికి వెనుదీసిన యజమానులున్నారు. అట్టి పొలాల్లో విత్తినవాడు ఒకడు, కాగితంపై రైతు మరొకడు.