ఊరవతల ముచ్చట్లు - 17: మనకు ఈత ఎందుకు రాదు?



ఈ వారం స్కాలర్‌షిప్ బకాయిల గురించి రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా. శనివారం రాత్రి ఒక చెరువు గట్టున టెంటులో పడుకుంటే నిద్ర పట్టలేదు. ఇందులో సగం అక్కడే ఫోన్‌లో రాసుకున్నాను.

మా స్టడీ సర్కిల్ పిల్లలు ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. "అన్నా, ఎప్పుడు చూసినా ధర్నాలు, సెమినార్లేనా? ఒక్కసారన్నా ఎటన్నా పోదామే" అని. సరే అని బయల్దేరాం. వికారాబాద్ వైపు ఒక చిన్న చెరువు. కట్ట చివర కొంత జాగా చదును చేసి పార్కులాగా చేశారు. పది పదిహేను టెంట్లు, నాలుగు కయాక్‌లు, రెండు పెడల్ బోట్లు, చలిమంట వేసుకోవడానికి రాళ్లు పేర్చిన గుంత. అంతే. పడవ, టెంటు, తిండి కలిపి మనిషికి 1,200. మేం 16 మందిమి. ముగ్గురి దగ్గర అంత లేకపోతే మిగతావాళ్లం సర్దుకున్నాం. హాస్టల్ పిల్లలకు 1,200 అంటే ఏంటో చదివేవాళ్లలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు.

లోపలికి అడుగు పెట్టగానే మేనేజర్ మా టీషర్టుల వైపు చూశాడు. నీలం రంగు, మధ్యలో బాబాసాహెబ్. "ఇక్కడ రాజకీయాలు వద్దు సార్, ఫ్యామిలీలు వస్తారు" అన్నాడు. మేం ఏ రాజకీయం చేశామని? పక్క టెంటులో క్రికెట్ టీమ్ టీషర్టులు వేసుకున్నవాళ్లున్నారు, ఒక కులసంఘం పేరు కారు అద్దం నిండా రాసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. నేను గొంతు పెంచబోతుంటే మా చెల్లె ఒకామె నవ్వుతూ, "సార్, లైఫ్ జాకెట్ ఏసుకుంటే ఎట్లాగూ ఆయన లోపలికే పోతడు కదా" అంది. అందరం నవ్వాం. మేనేజర్ కూడా నవ్వాడు. నేను రాసే పది పోస్టుల పని ఆ ఒక్క మాట చేసింది.

అసలు విషయం పడవలు ఎక్కే దగ్గర వచ్చింది. జాకెట్లు ఇచ్చే అబ్బాయి మామూలుగా అడిగాడు: "ఈతొచ్చినోళ్లు ఎంతమంది?"

ఇద్దరు చేతులెత్తారు. 16 మందిలో ఇద్దరు.

ఇందులో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లున్నారు, లా చదువుతున్నవాళ్లున్నారు. ఒక్కరు తప్ప అందరూ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. చెరువు లేని పల్లె తెలంగాణలో ఎక్కడుంది? మరి ఈత ఎందుకు రాలేదు? అదే సమయానికి పక్క టెంటు పిల్లలు దబదబా నీళ్లలోకి దూకుతున్నారు. వాళ్లవీ పల్లెటూళ్లే.

నేను ఆలోచించిన జవాబు ఇది. మన ఊళ్లలో పిల్లలు ఈత నేర్చుకునేది చెరువులో కాదు, వ్యవసాయ బావిలో. నడుముకు మునగ బెండో, ఎండిన సొరకాయ బుర్రో కట్టి, పైన నాన్నో బాబాయో తాడు పట్టుకుని దింపుతారు. ఎండాకాలం సెలవులు అయిపోయేసరికి పిల్లోడు మెట్టు మీది నుంచి దూకుతుంటాడు. అంటే ముందు బావి ఉండాలి. బావి ఉండాలంటే భూమి ఉండాలి. మాకు భూమి లేదు. పటేలు బావిలోకి మా పిల్లలు దిగితే నీళ్లు మైల పడతాయి. మోటారు పాడవుతుందని, దొంగతనం జరుగుతుందని ఆ తర్వాత వేరే కారణాలు కూడా కలిశాయి. భూమి లేకపోతే తిండి ఉండదని మనం ఎన్నోసార్లు రాశాం. ఈత కూడా ఉండదని ఎవరూ రాయలేదు.

మా నాన్న జీతం ఉన్నాడు, చిన్నప్పటి నుంచే. దొర బర్రెలను కడగడానికి రోజూ చెరువులో దిగేవాడు. బర్రెలతో పాటు దిగొచ్చు. పని కోసం దిగొచ్చు. ఆట కోసం దిగితే మాత్రం "ఏందిరా, నీకు చెరువు కావాల్నా?" అనేవాళ్లు. ఆయనకు ఈత రాదు. బర్రె తోక పట్టుకుంటే మాత్రం ఆ ఒడ్డుకు పోగలడు! ఇది ఆయన నవ్వుతూ చెప్పే ముచ్చట. చిన్నప్పుడు నేనూ నవ్వేవాణ్ని.

నీళ్ల దగ్గర మన చరిత్ర మీకు తెలిసిందే. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి చౌదార్ చెరువు నీళ్లు తాగారు. అందరికీ ఆ చెరువు వాడుకునే హక్కుందని అక్కడి మున్సిపాలిటీ అంతకుముందే తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీద ఉంది, నీళ్లు మాత్రం అందలేదు. మనవాళ్లు తాగాక ఆ చెరువును 108 కుండల పేడ, మూత్రం, పాలు, పెరుగులతో "శుద్ధి" చేశారు. కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. మన దగ్గర 1985 జూలైలో కారంచేడు. మాదిగవాళ్లు తాగే చెరువులో బర్రెల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు మొదలైంది. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు ఊరి మీద పడి ఆరుగుర్ని చంపారు.

తాగే నీళ్ల కోసం ప్రాణాలు పోయిన జాతికి ఆడుకునే నీళ్ల గురించి మాట్లాడటం సిగ్గుగా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఫోటోలు చూసి ఒక సీనియర్ కామ్రేడ్ ఫోన్ చేసి, "ఏం తమ్మీ, ఉద్యమం పక్కనబెట్టి పడవ షికార్లు మొదలుపెట్టినవా?" అన్నాడు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇక్కడ ఆయనతో ఒప్పుకోను.

రాజ్యాంగం 15(2) తీసి చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని చెప్పి అక్కడితో ఆగలేదు. జనం సేదతీరడానికి వెళ్లే చోట్లను, వినోద స్థలాలను కూడా పేరుపెట్టి చేర్చింది. దాహం తీరితే చాలు, సరదా మనకెందుకు అని రాసినవాళ్లు అనుకోలేదు. మనమే అనుకుంటున్నాం.

అమెరికా నల్లవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 1919 జూలై 27న చికాగోలో యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ల పిల్లోడు స్నేహితులతో కలిసి మిషిగన్ సరస్సులో చిన్న తెప్ప మీద ఆడుకుంటున్నాడు. తెప్ప కొట్టుకుపోయి తెల్లవాళ్లు తమదనుకునే వైపుకు వెళ్లింది. ఒడ్డు నుంచి ఒక తెల్లవాడు రాళ్లు విసిరాడు. పిల్లోడు మునిగి చనిపోయాడు. పోలీసులు విసిరినవాణ్ని పట్టుకోలేదు. ఆ తర్వాత చెలరేగిన హింసలో 38 మంది చనిపోయారు. నీళ్ల మీద గీత ఎవరూ గీయలేదు, అయినా గీత ఉంది. మా నాన్న చెరువులోనూ అదే గీత.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్లకు నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. నేను ఇంటర్ చదివేటప్పుడు మా హాస్టల్ నుంచి ఆదివారం నలుగురు పిల్లలు పక్కనున్న క్వారీ గుంతకు స్నానానికి పోయారు. హాస్టల్లో ఆ వారం నీళ్లు రాలేదు. ముగ్గురే తిరిగొచ్చారు. పోయినవాడిది నా పక్క పెట్టె. ఆ పెట్టెకు తాళం వేసి ఉంది. వాళ్లమ్మ వచ్చేదాకా మూడు రోజులు అది అక్కడే ఉంది. మర్నాటి నుంచి ఆదివారాలు గేటుకు కూడా తాళం వేశారు. పిల్లలకు ఈత నేర్పుదామని మాత్రం ఎవరికీ తట్టలేదు. నీళ్లు ఎందుకు రాలేదని కూడా ఎవరూ అడగలేదు.

తలచుకుంటే కానిది కాదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకు అప్పుడు 13 ఏళ్లు. ప్రపంచంలో ఎత్తైన కొండ ఎక్కించగలిగిన వ్యవస్థ నడుంలోతు నీళ్లలో తేలడం నేర్పలేదా? ప్రతి ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టల్లో ఈత నేర్పాలి. ఇది సరదా డిమాండ్ కాదు. చెరువుల గట్లను ఇట్లా టికెట్ల పార్కులకు ఇచ్చేటప్పుడు ఊరివాళ్లకు, విద్యార్థులకు కొంత ఒడ్డు ఊరికే వదలాలని కూడా మనం అడగాలి. ఇంతకుముందు కులం చూసి ఆపేవాళ్లు, ఇప్పుడు 1,200 అడిగి ఆపుతున్నారు. ఆగేది మాత్రం ఎక్కువగా పాతవాళ్లే.

ఆ పార్కులో రాత్రి వాచ్‌మన్ ఒక పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. అందరూ పడుకున్నాక మంట దగ్గర కూర్చుని, "ఏ ఊరు బిడ్డా?" అన్నాడు. ఊరి పేరు చెప్పగానే వాడ కూడా అర్థమైంది ఆయనకు. అప్పుడు చెప్పాడు, వాళ్లది ఆ చెరువు నీరటి ఇల్లని. తాత, తండ్రి, తర్వాత ఈయన. వానాకాలం అర్ధరాత్రి కట్ట మీద తిరగడం, తూము తీయడం, చెత్త అడ్డుపడితే ఊపిరి బిగబట్టి లోపలికి మునిగి తీయడం. కూలి కింద పంటకాలంలో కల్లం దగ్గర ఇంత వడ్లు. "ఈ చెరువు అడుగు నాకు ఎరుకే" అన్నాడు. చెరువు తవ్వించిన రాజుల పేర్లు శాసనాల మీద ఉన్నాయి. అడుగు తెలిసినవాడు గేటు దగ్గర టార్చి పట్టుకుని కూర్చున్నాడు. పడవల దగ్గర పనికి పెట్టుకోమని అడిగాడట. సర్టిఫికెట్ లేదన్నారట.

"మా పిల్లలకు ఈత నేర్పుతవా తాతా?" అన్నాను.

పొద్దున ఆరింటికి, మేనేజర్ లేవకముందే, మోకాళ్ల లోతు ఉన్న చోటికి తీసుకుపోయాడు. అందరికీ జాకెట్లు వేయించాడు. టీషర్టు మాట అన్న చెల్లెనే ముందు దిగింది. ఆయన ఆమె తల కింద అరచేయి పెట్టి, "ఆకాశం చూడు బిడ్డా, నీళ్లను చూడకు, బిగుసుకోకు" అంటున్నాడు. రెండుసార్లు మునిగింది, దగ్గింది, నీళ్లు మింగింది. మూడోసారి ఆయన చేయి ఎప్పుడు తీశాడో ఆమెకు తెలియలేదు. ఒడ్డు మీద మేమంతా చప్పట్లు కొడుతుంటే, "ఆగుండ్రి, ఆగుండ్రి, నవ్వొస్తే మునిగిపోత!" అని అరిచింది.

నేను కూడా దిగాను. నాకు ఇంకా రాలేదు.

నగరంలో ఈత నేర్పగలిగినవాళ్లు, ముఖ్యంగా అమ్మాయిలకు నేర్పగల అక్కలు ఎవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. కార్పొరేషన్ స్విమ్మింగ్ పూల్ ఫీజు కనుక్కుంటున్నాను. ఇప్పటికి 14 మందిమి ఉన్నాం, నాతో కలిపి.

(ఇంకా ఉంది)